ఆస్ట్రేలియా రహదారులపై రేడియోలో మాట్లాడే పద్ధతి

జడ్చర్ల దగ్గర 44వ నంబరు జాతీయ రహదారిపై లారీని దాటాలంటే హారన్ కొట్టి, లైట్లు వేస్తాం. నల్లగొండ, పాలమూరు నుంచి వెళ్లి ఆస్ట్రేలియాలో దూరప్రయాణాలు చేసేవారు మాత్రం, బండిలోంచే చుట్టుపక్కల డ్రైవర్లతో నేరుగా మాట్లాడుకునే యూహెచ్‌ఎఫ్ సీబీ రేడియో వాడడం నేర్చుకోవడం మంచిది.

రహదారి సంభాషణకు సాధారణంగా 40వ చానల్ పెట్టుకోవాలి. 5, 35 చానళ్లు అత్యవసర పరిస్థితులకే పరిమితం; 22, 23 డేటా సంకేతాలకు కేటాయించినవి కనుక వాటిలో మాట్లాడకూడదు.

ముందు కొద్దిసేపు వినండి. ఎవరూ మాట్లాడడం లేదని రూఢి చేసుకున్నాక మైకు బటన్ నొక్కి, ఒక్క క్షణం ఆగి మొదలుపెట్టాలి. ఆగకపోతే మొదటి మాట తెగిపోతుంది. బటన్ నొక్కి ఉంచినంతసేపు అవతలివారి మాట మీకు వినిపించదు కాబట్టి, చెప్పవలసింది చెప్పగానే వదిలేయాలి. 50 మీటర్లకు పైగా కూడా పొడవుండే రోడ్ ట్రెయిన్‌ను (వెనక పలు ట్రెయిలర్లను లాగే భారీ లారీని) దాటదలచినప్పుడు, మీరు ఏ దిక్కుగా వెళ్తున్నారో, మీది ఏ రంగు బండో ఇంగ్లిషులో క్లుప్తంగా చెప్పి, డ్రైవర్ జవాబు కోసం వేచి ఉండాలి. ఆయన సరేనన్నా, ఎదురుగా ఏ బండీ రావడం లేదని మీ కళ్లతో చూసుకున్నాకే దాటాలి; అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త ఇదేనని నా అభిప్రాయం. మనవాళ్లతో తెలుగులో కబుర్లు చెప్పుకోవాలంటే మరో ఖాళీ చానల్‌కు మారడం మర్యాద.

సెలవులకు ఊరికి వచ్చేటప్పుడు ఆ సెట్టును తెచ్చి ఇక్కడ వాడకండి. అది పనిచేసే 477 మెగాహెర్ట్జ్ తరంగాల బ్యాండ్‌కు అక్కడ విడిగా లైసెన్సు అక్కర్లేదు; మన దేశంలో ఆ వెసులుబాటు లేదు.