పాత ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ కొనేముందు

బడ్జెట్ మొత్తం కారుకే పెట్టేయకండి, అయిదో వంతైనా రిపేర్లకి పక్కన పెట్టుకోండి. టర్బో కారు చవగ్గా దొరికిందంటే ఏదో కారణం ఉంటుంది.

– ముందు ఏ ఇంజనో తేల్చుకోండి. 2013లో వచ్చిన 1.2 లీటర్ల టీఎస్ఐకి (టర్బో పెట్రోల్ ఇంజన్) 7 గేర్ల డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్; 2020 నుంచి వచ్చిన 1.0 లీటర్ ఆటోమేటిక్‌కి మామూలు టార్క్ కన్వర్టర్ గేర్‌బాక్స్. డీఎస్‌జీలో ఉన్నది డ్రై క్లచ్ (ఆయిల్‌లో మునిగి ఉండదు), ట్రాఫిక్‌లో నలిగిపోతుంది. ఫస్ట్, సెకండ్ గేర్లలో నత్తనడకన పోనిచ్చి చూడండి, వణికినా, రివర్స్ పడేటప్పుడు కుదుపు వచ్చినా బేరం ఆపేయండి, మెకాట్రానిక్స్ (గేర్‌బాక్స్‌ని నడిపే కంట్రోల్ యూనిట్) పోతే లక్ష దాటొచ్చు.

– ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయాలి. "మీరొస్తారని వేడి చేసి పెట్టా సార్" అని అమ్మేవాడు అన్నాడంటే మర్నాడు పొద్దున్నే వస్తానని చెప్పండి. స్టార్ట్ చేయగానే గలగలమన్నా, నీలం పొగ వచ్చినా అనుమానించాల్సిందే.

– కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాలు చదివే స్కానర్ పెట్టించండి. లోపాల కోడ్‌లు అప్పుడే తుడిచేశారా అన్నది కూడా తెలుస్తుంది. రీమ్యాప్ (పవర్ పెంచడానికి ఇంజన్ సాఫ్ట్‌వేర్ మార్చడం) చేయించారా అని మొహం మీదే అడగండి.

– సీటు బెల్టు చివరిదాకా లాగండి, బురద మరకుంటే వరదనీళ్లలో మునిగిన బండే.

– ఎంపరివాహన్ యాప్‌లో లోన్, చలాన్లు చూడండి. ఆంధ్రా బండిని తెలంగాణకి మార్చుకోవాలంటే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న ఆర్టీఏ పత్రం) తప్పదు, మళ్లీ రోడ్ ట్యాక్స్ కూడా పడొచ్చు, ఆ లెక్క బేరంలోనే కలపండి.