నిరూపక జ్యామితి, సంభావ్యత: మార్కులు జారిపోయే చోట్లు

నిరూపక జ్యామితి లెక్కకు ముందు చిత్తు బొమ్మ వేయండి. స్కేలు అక్కర్లేదు, బిందువు ఏ పాదంలో (అక్షాలు చేసే నాలుగు భాగాల్లో దేనిలో) ఉందో తెలిస్తే చాలు. ఎ(−2, 3), బి(4, −5) మధ్య దూరానికి తేడాలు 6, 8; వర్గాల మొత్తం 36 + 64 = 100; దూరం 10. చాలామంది తప్పేది −5 దగ్గరే. 3 − (−5) అని బ్రాకెట్ పెట్టకుండా 3 − 5 రాసేస్తారు, జవాబు √40 అయి కూర్చుంటుంది. రుణ సంఖ్యకు బ్రాకెట్ పెట్టి తీరాలి.

విభజన సూత్రంలో నిష్పత్తి తారుమారవుతుంది. ఎ(1, 2), బి(7, 5)లను కలిపే రేఖాఖండాన్ని ఎ వైపు నుంచి 2:1లో విభజించాలంటే, 2ను బి నిరూపకాలతో గుణించాలి: (14 + 1)/3 = 5, (10 + 2)/3 = 4. బొమ్మలో (5, 4) బికి దగ్గరగా ఉంది, సరిపోయింది. (3, 3) వచ్చిందంటే గుణకాలు అటూ ఇటూ అయ్యాయన్నమాట.

సంభావ్యతలో సూత్రం చిన్నదే, లెక్కపెట్టడమే అసలు పని. చిత్తూరు మామిడి మండీలో ఒక బుట్టలో 5 తోతాపురి, 3 బేనీషా కాయలున్నాయనుకోండి. చూడకుండా ఒకదాని తర్వాత ఒకటి రెండు తీస్తే, రెండూ తోతాపురి అయ్యే సంభావ్యత 5/8 × 4/7 = 5/14. మొదటి కాయ బయటే ఉంది కనుక రెండో భిన్నంలో లవం, హారం రెండూ ఒక్కొక్కటి తగ్గాయి. ‘తిరిగి ఉంచి’ అని ఉంటే మాత్రం 25/64. ప్రశ్న చదవగానే ఆ మాట కింద గీత గీయండి.