టార్చి వెలుగు ఎంత దూరం పోతుంది? 3వ పాఠం: 5 మీటర్ల దగ్గర కొలిచి 200 మీటర్లు చెప్పడం

కిందటి పాఠంలో ల్యూమెన్‌కూ కాండెలాకూ తేడా చూశాం. టార్చి నుంచి వెలువడే మొత్తం వెలుగు ల్యూమెన్. ఒక దిక్కున అది ఎంత గాఢంగా పోతుందో చెప్పేది కాండెలా. దూరం తేల్చేది కాండెలాయే. దుకాణంలో ల్యూమెన్లు మాత్రమే అడిగి కొన్న టార్చి కాళ్ల ముందు పట్టపగలు చేస్తుంది, చెరువు అవతలి గట్టు మాత్రం చీకట్లోనే ఉంటుంది.

కాండెలా ఎంతో పెట్టె మీద లేకపోతే మనమే కొలుద్దాం. చీకటి పడ్డాక రొయ్యల చెరువు గట్టు మీద టేపుతో 5 మీటర్లు కొలవండి. ఒక చివర టార్చి, రెండో చివర లక్స్ (ఒక చోట ఎంత వెలుగు పడుతుందో చెప్పే కొలత) కొలిచే యాప్ ఉన్న ఫోను. వెలుగును పట్టే సెన్సారు తెర వైపే ఉంటుంది కాబట్టి తెర టార్చికి ఎదురుగా ఉండాలి. ఫోను కొలత ఉజ్జాయింపే, అయినా మన పనికి చాలు.

400 లక్స్ వచ్చిందనుకుందాం. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది కాబట్టి లక్స్‌ను దూరం వర్గంతో గుణించాలి: 400 × 25 = 10,000 కాండెలా.

పెట్టె మీద వేసే దూరం ఎక్కడిదంటే, వెలుగు 0.25 లక్స్‌కు తగ్గే చోటు. అంటే దాదాపు పున్నమి వెన్నెల. 10,000 ÷ 0.25 = 40,000; దాని వర్గమూలం 200 మీటర్లు. కాండెలా వర్గమూలాన్ని రెట్టింపు చేసినా ఇదే వస్తుంది.

అయితే వెన్నెల్లో 200 మీటర్ల అవతల ఏరేటరు (చెరువు నీటికి గాలి అందించే యంత్రం) రెక్కలు తిరుగుతున్నాయో లేదో పోల్చుకోగలరా? నేను పోల్చుకోలేను. అందుకే కనీసం 1 లక్స్ పెట్టుకుంటాను. అప్పుడు మిగిలేది 100 మీటర్లే, పెట్టె మీది దూరంలో సగం.

సంక్రాంతి రోజుల తెల్లవారుజామున ఆ 100 మీటర్లూ దక్కవు. పొగమంచు ప్రతి 100 మీటర్లకు సగం వెలుగును మింగుతుందనుకోండి. పోయేటప్పుడు సగం, తిరిగి మన కంటికి వచ్చేటప్పుడు మరో సగం పోయి, చేరేది నాలుగో వంతు. పైగా మంచు మీద పడి వెనక్కి కొట్టే వెలుగు కళ్ల ముందు తెల్లగోడ కడుతుంది. టార్చిని కంటి ఎత్తున కాక మోకాలి దగ్గర పట్టుకుంటే ఆ గోడ కొంత పలచబడుతుంది.

అభ్యాసం: 5 మీటర్ల దగ్గర 900 లక్స్ ఇచ్చే టార్చి ఉంది. అవతలి గట్టు 180 మీటర్లు. మంచు లేని రాత్రి అక్కడ 1 లక్స్ పడుతుందా? పడకపోతే ఎంత పడుతుంది?

వచ్చే పాఠంలో గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే అంతర్వేది వెళదాం. అక్కడి లైట్‌హౌస్‌కు వెలుగు కొరత లేదు, భూమి గుండ్రంగా ఉండటమే అడ్డు.