పంక్చర్ పడితే ముందు దూది తీయండి
ఆదివారం సైకిళ్ళ మీద అనంతగిరి రైడ్లకెళ్ళేవాళ్ళకి ఒక మాట, పంక్చర్ పడగానే హడావిడిగా కొత్త ట్యూబ్ ఎక్కించేయకండి. నేనలాగే చేసి చేవెళ్ల రోడ్డు మర్రిచెట్ల కింద అరగంటలో రెండు ట్యూబులు పోగొట్టుకున్నా. చూస్తే టైర్‌లో వెంట్రుకంత ఇనుప తీగ ముక్క, లారీ టైర్లు పేలినప్పుడు రోడ్డు మీద పడేవి ఉంటాయి చూడండి, అది. కంటికి ఆనదు, వేలితో వెతికితే గుచ్చుకుంటుంది, అందుకే కాస్త దూది తీసుకుని టైర్ లోపల చుట్టూ తిప్పండి, ఎక్కడ పోగు పట్టుకుంటే అక్కడే ఉన్నట్టు. ట్యూబ్ తీసేముందు వాల్వ్ టైర్ మీద ఏ అక్షరం దగ్గరుందో చూసుకుంటే ఇంకా ఈజీ, ట్యూబ్‌లో చిల్లు వాల్వ్‌కి ఎంత దూరంలో ఉందో దాన్నిబట్టి టైర్‌లో ఆ చోటే వెతకొచ్చు. తీగ లాగడానికి కనుబొమ్మల ప్లక్కర్ చాలు, మా ఆవిడది కొట్టేశా, ఇంకా అడగలేదు.