పాలు మామూలుగానే ఉన్నా పొదుగువాపును ముందే పట్టుకోవడం ఎలా?

పొదుగు గట్టిపడి, పాలు విరిగినట్టు వచ్చాక పొదుగువాపు అని ఎవరైనా చెప్పేస్తారు. పాలు చూడ్డానికి బాగానే ఉండి, దిగుబడి మాత్రం తగ్గుతూ వచ్చే దశలోనే పట్టుకోవాలి. అందుకు సీఎంటీ, అంటే కాలిఫోర్నియా మాస్టైటిస్ టెస్ట్ ఉంది. 1957 నాటిది, కొట్టంలోనే చేసుకోవచ్చు.

నాలుగు గుంటల ప్లాస్టిక్ పళ్లెం తీసుకుని, మొదటి రెండు మూడు ధారలు వేరే గిన్నెలో తీసేసి (నేల మీద మాత్రం పిండొద్దు), ఒక్కో చన్ను పాలు ఒక్కో గుంటలో 2 మిల్లీలీటర్ల చొప్పున పట్టండి. ఏ గుంట ఏ చన్నుదో తారుమారు కాకుండా పళ్లెం పిడిని ఎప్పుడూ ఒకే వైపు ఉంచండి. పాలకు సమానంగా సీఎంటీ ద్రావణం పోసి పది సెకన్లు గుండ్రంగా తిప్పండి. ద్రావణం దొరక్కపోతే లీటరు నీళ్లలో 30 గ్రాముల బట్టల సబ్బు పొడి కలిపి వాడినా పనికొస్తుంది.

పల్చగా జారితే టెన్షన్ లేదు. చీమిడిలా సాగుతూ మధ్యకు చేరితే ఆ చన్నులో వాపు మొదలైనట్టే.

ఆ జిగురు తెల్లరక్త కణాల్లోని డీఎన్‌ఏ, ద్రావణంలోని సబ్బు లాంటి పదార్థం ఆ కణాల్ని పగలగొడితే బయటపడుతుంది. బ్యాక్టీరియా చన్ను రంధ్రంలోంచి లోపలికి పోగానే పొదుగు కణాలు పిలుపు సంకేతం లాంటి ఇంటర్‌ల్యూకిన్-8 వదులుతాయి, రోగనిరోధక పని చేసే కాంప్లిమెంట్ ప్రోటీన్లలోంచి సీ5ఏ అనే ముక్క తెగుతుంది, ఈ రెండూ కలిసి రక్తంలోని తెల్లరక్త కణాలైన న్యూట్రోఫిల్స్‌ను పాలలోకి రప్పిస్తాయి. ఆరోగ్యంగా ఉన్న చన్నులో మిల్లీలీటరుకు లక్ష కణాల లోపే ఉంటాయి, 2 లక్షలు దాటితే ఇన్ఫెక్షన్ ఉందనే అనుకోవాలి. అయితే పాలలోకి దిగిన న్యూట్రోఫిల్స్ వెన్న బిందువుల్ని, పాల ప్రోటీన్ అయిన కేసిన్‌ను కూడా మింగేసి బలహీనపడతాయి, అందుకే అవే చూసుకుంటాయిలే అని వదిలేయకూడదు.

ఈనిన మొదటి వారంలో ఈ టెస్ట్ నమ్మొద్దు, అప్పుడు కణాలు ఎలాగూ ఎక్కువే. కానీ ఈనే సమయంలో ఒత్తిడి హార్మోన్ల వల్ల న్యూట్రోఫిల్స్ మందగిస్తాయి కాబట్టి ఆ రోజుల్లో శుభ్రత విషయంలో అస్సలు రాజీపడకండి.

జిగురు కనిపించిన ఆవును చివర్లో పిండండి. పిండాక ప్రతి ఆవు చన్నుల్నీ అయోడిన్ ద్రావణంలో ముంచి, వెంటనే మేత వేయండి. చన్ను రంధ్రం మూసుకోవడానికి అరగంటకు పైనే పడుతుంది, అంతసేపూ ఆవు పడుకోకుండా నిలబడాలి. యాంటీబయాటిక్ సొంతంగా ఎక్కించకండి, పాల నమూనాతో పశువైద్యుడి దగ్గరకు వెళ్లండి.