మాజీ అధ్యక్షుడికి క్షమాభిక్ష సబబేనా? ముందు కాగితం చదవండి

మా మనవరాలు న్యూజెర్సీలో పదకొండో క్లాసు చదువుతోంది. మొన్న రాత్రి వాట్సాప్‌లో ఫోన్ చేసి, "అమ్మమ్మా, స్కూల్లో డిబేట్ ఉంది. నిక్సన్‌ని ఫోర్డ్ క్షమించడం కరెక్టా కాదా అని టాపిక్. నువ్వు కోర్టులో చేశావుగా, చెప్పు" అంది. నిక్సన్ అమెరికా అధ్యక్షుడు. వాటర్‌గేట్ దొంగతనాన్ని కప్పిపుచ్చాడన్న ఆరోపణలతో 1974లో రాజీనామా చేశాడు. ఆయన తర్వాత అధ్యక్షుడైన ఫోర్డ్, కేసు నడవకముందే ఆయన్ని క్షమించేశాడు.

నేను చేసింది జడ్జీగా కాదు, బెంచ్ క్లర్కుగా. ముప్పై నాలుగేళ్లు కృష్ణా జిల్లా కోర్టుల్లో కేసు కట్టలు విప్పడం, మళ్లీ కట్టడం. తీర్పు చెప్పే పని నాది కాదు. కాగితం మీద ఏముంది, ఏం లేదు అని చూసే పని మాత్రం నాదే. ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడు జనం ముందు మనిషి మొహం చూస్తారు. మనవాడైతే "పాపం, పెద్దాయన" అంటారు, కాకపోతే "కుళ్లిపోవాలి జైల్లో" అంటారు. ఆ రెండూ పక్కన పెట్టి ఎలా తేల్చుకోవాలో దానికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. ఒక నోట్‌బుక్ తీసుకోండి, పేజీ మధ్యలో నిలువుగా గీత గీయండి. ఎడమవైపు సబబు, కుడివైపు కాదు.

మొదట ఆ క్షమాభిక్ష కాగితమే సంపాదించండి. దాని గురించి ఎవరో రాసింది కాదు, అసలుది. ఫోర్డ్ సంతకం పెట్టింది చిన్న ప్రకటనే, పది నిమిషాల్లో చదివేయొచ్చు. చదివేటప్పుడు మూడు చూడాలి: ఎవరికి, ఏ నేరానికి, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా. ఫోర్డ్ కాగితంలో మొదటిదీ మూడోదీ ఉన్నాయి, రెండోది లేదు. 1969 జనవరి 20 నుంచి 1974 ఆగస్టు 9 దాకా నిక్సన్ అమెరికా ప్రభుత్వం పట్ల చేసిన, లేదా చేసి ఉండవచ్చిన నేరాలన్నిటికీ క్షమాభిక్ష అని ఉంటుంది. అంటే ఆయన పదవిలో కూర్చున్న రోజు నుంచి దిగిన రోజు దాకా మొత్తం. సెక్షన్ లేదు, కేసు నంబరు లేదు. "చేసి ఉండవచ్చిన" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. నా సర్వీసులో అలాంటి మాటతో ఒక్క ఉత్తర్వు కూడా నా బల్ల మీదకి రాలేదు.

ఇంకో చిత్రం. టీవీలో చదివేటప్పుడు ఫోర్డ్ జనవరి 20 అనబోయి జూలై 20 అన్నాడు. సంతకం పెట్టిన కాగితంలో సరిగ్గానే ఉంది కాబట్టి ఇబ్బంది రాలేదు. నాకు నవ్వు రాలేదు. ఒకసారి విడుదల ఉత్తర్వులో కేసు నంబరు చివరి అంకె నేనే తప్పు రాశాను. శనివారం సాయంత్రం. నంబరు కలవడం లేదని జైలువాళ్లు మనిషిని వదల్లేదు, సోమవారం దాకా లోపలే ఉన్నాడు. సోమవారం పొద్దున అతని భార్య టిఫిన్ క్యారియర్ పట్టుకుని కోర్టు వరండాలో కూర్చుని ఉంది. నన్ను ఏమీ అనలేదు, తప్పు నాదని ఆమెకి తెలియదు కూడా. ఒక్క అంకె తప్పుకి ఒక కూలివాడు రెండు రాత్రులు లోపల ఉన్నాడు. ఇక్కడేమో నేరం పేరే లేకుండా ఐదున్నరేళ్లు మాఫీ.

తర్వాత తేదీలు ఒకదాని కింద ఒకటి రాయండి. ఆరోపణ ఎప్పుడు, తీర్పు ఎప్పుడు, క్షమాభిక్ష ఎప్పుడు. సగం జవాబు ఇక్కడే దొరుకుతుంది, అందుకే తొందరపడొద్దు.

నిక్సన్ వరస ఇలా ఉంటుంది. వాటర్‌గేట్ భవనంలోని ప్రతిపక్ష డెమొక్రటిక్ పార్టీ ఆఫీసులో దొంగతనంగా జొరబడ్డది 1972 జూన్ 17. నిక్సన్ తన ఆఫీసులో మాటలు రికార్డు చేయించిన టేపులు ఇచ్చి తీరాలని అక్కడి సుప్రీంకోర్టు 8-0తో చెప్పింది 1974 జూలై 24. రాజీనామా ఆగస్టు 9. క్షమాభిక్ష సెప్టెంబరు 8, ఆదివారం. రాజీనామాకీ క్షమాభిక్షకీ మధ్య ముప్పై రోజులు. ఆయన మీద ఛార్జిషీటు లేదు, విచారణ లేదు, తీర్పు లేదు. తీర్పు అని రాయాల్సిన చోట మా మనవరాలు గీత పెట్టింది.

ఇప్పుడు దక్షిణ కొరియా. సైనిక బలంతో గద్దెనెక్కిన చున్ దూ-హ్వాన్ హయాంలో, 1980 మేలో గ్వాంగ్జూ పట్టణంలో జనాన్ని సైన్యం కాల్చి చంపింది. 1996లో కింది కోర్టు ఆయనకి మరణశిక్ష వేసింది, పై కోర్టు దాన్ని యావజ్జీవం చేసింది. 1997 డిసెంబరులో క్షమాభిక్ష వచ్చింది. రెండేళ్ల జైలే. కానీ తీర్పు ఉంది. సాక్షులు బోనెక్కారు, ఏం జరిగిందో రికార్డుకెక్కింది. ఆ తర్వాతే శిక్ష తీసేశారు. అదే దేశంలో అవినీతి కేసులో ఇరుక్కున్న మాజీ అధ్యక్షురాలు పార్క్ గ్యున్-హే సంగతి చూస్తే, 2021 జనవరిలో సుప్రీంకోర్టు శిక్ష ఖరారు చేసింది, అదే ఏడాది డిసెంబరు 24న క్షమాభిక్ష ప్రకటించారు. అప్పటికి నాలుగేళ్ల తొమ్మిది నెలలు లోపల ఉంది.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. క్షమాభిక్ష వేరు, నిర్దోషి అని కొట్టేయడం వేరు. మన పీవీ గారికి 2000లో ముడుపుల కేసులో కింది కోర్టు మూడేళ్ల శిక్ష వేసింది. 2002లో ఢిల్లీ హైకోర్టు నిర్దోషి అని కొట్టేసింది. ఆయన్ని ఎవరూ క్షమించలేదు, క్షమించాల్సిన పనే లేదని హైకోర్టు తేల్చింది. మా వీధిలో ఒకాయన ఈ రెండూ కలిపేసి గంటసేపు వాదించాడు. కాఫీ చల్లారిపోయింది, ఆయన ఒప్పుకోలేదు.

మూడో పని, అదే వారంలో ఇంకేం కాగితాల మీద సంతకాలు పడ్డాయో వెతకండి. ఆస్తి కేసుల్లో నేను నేర్చుకున్నది ఇదే: రాజీ పత్రం ఒకటే కనిపిస్తే దాని తోబుట్టువు ఇంకోటి ఎక్కడో ఉంటుంది. ఫోర్డ్ క్షమాభిక్ష ప్రకటించిన రోజే, నిక్సన్ టేపుల గురించి ప్రభుత్వ అధికారి ఆర్థర్ శాంప్సన్‌తో కుదిరిన ఒప్పందం కూడా బయటపెట్టారు. దాని ప్రకారం టేపుల మీద పెత్తనం నిక్సన్‌దే. నిక్సన్ చనిపోయాకో, 1984 సెప్టెంబరు 1కో, ఏది ముందైతే అప్పుడు వాటిని నాశనం చేయాలి. మనిషికి శిక్ష లేదు, సాక్ష్యానికి ఉరిశిక్ష. ఆ డిసెంబరులోనే అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) చట్టం చేసి టేపులు ప్రభుత్వం చేతికి తెచ్చింది కాబట్టి సరిపోయింది. నాకు క్షమాభిక్ష కంటే ఈ కాగితమే ఎక్కువ కడుపు మండించింది.

బేరం అనుమానానికి ఇంకా పచ్చి ఉదాహరణ పెరూ. ఫుజిమోరీ ఊచకోతల కేసుల్లో ఇరవై ఐదేళ్ల శిక్ష పడిన మాజీ అధ్యక్షుడు. 2017 డిసెంబరు 21న అప్పటి అధ్యక్షుడు కుచిన్‌స్కీని పదవి నుంచి దింపేందుకు ఓటింగ్ జరిగితే, ఫుజిమోరీ కొడుకు కెంజీతో కలిపి పదిమంది ప్రతిపక్ష సభ్యులు ఓటెయ్యకుండా ఆగారు. కుచిన్‌స్కీ గట్టెక్కాడు. డిసెంబరు 24న ఫుజిమోరీకి అనారోగ్యం పేరు మీద క్షమాభిక్ష. మూడు రోజులు! మరుసటి ఏడాది మార్చిలో ఓట్ల కొనుగోలు వీడియోలు బయటపడి కుచిన్‌స్కీ దిగిపోయాడు. అక్టోబరులో కోర్టు ఆ క్షమాభిక్షని కొట్టేసింది. తర్వాత రాజ్యాంగ ట్రిబ్యునల్ తిరిగి నిలబెట్టడంతో 2023 డిసెంబరులో బయటికొచ్చాడు, 2024 సెప్టెంబరులో చనిపోయాడు.

ఫోర్డ్ మీదా ఈ అనుమానం వచ్చింది. రాజీనామాకి వారం ముందు, ఆగస్టు 1న, నిక్సన్ ఆఫీసు ముఖ్యుడు హేగ్, అప్పటికి ఉపాధ్యక్షుడైన ఫోర్డ్‌ని కలిసి క్షమాభిక్ష సంగతి కూడా ఎత్తాడు. ఫోర్డ్ దాక్కోలేదు. అక్టోబరు 17న, అధ్యక్షుడై ఉండి, ప్రతినిధుల సభ ఉపసంఘం ముందు కూర్చుని బేరమేమీ లేదని చెప్పాడు. ఇది ఎడమవైపు రాయండి, పెద్ద అక్షరాలతో. అలా వచ్చి కూర్చునేవాళ్లు ఎంతమంది ఉంటారు?

మన దగ్గరా దీనికి ఒక కొలబద్ద ఉంది. ఏపూరు సుధాకర్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, 2006. గవర్నర్ ఒక ముద్దాయికి మిగిలిన శిక్ష తగ్గిస్తే సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. క్షమాభిక్ష అనేది పాలకుడి సొంత దయాదాక్షిణ్యం కాదని, కులం, మతం, పార్టీ విధేయత చూసి ఇవ్వకూడదని చెప్పింది. ఆ తీర్పు వచ్చినప్పుడు మా సెక్షన్‌లో కాపీ తీసి పెట్టుకున్నాం.

ఇక తోటి ముద్దాయిలు. నిక్సన్ మనుషులు హాల్డెమన్, ఎర్లిక్‌మన్, మిచెల్‌లకి 1975 జనవరి 1న నేరం రుజువైంది, జైలుకెళ్లారు. చేయించినవాడు ఇంట్లో, చేసినవాళ్లు జైల్లో. వియత్నాం యుద్ధానికి వెళ్లకుండా తప్పించుకున్న కుర్రాళ్లకి కూడా ఫోర్డ్ అదే సెప్టెంబరులో దయ చూపాడు. కానీ షరతు పెట్టాడు: రెండేళ్ల దాకా ప్రజాసేవ చేయాలి. నిక్సన్‌కి షరతేమీ లేదు. ఈ రెండు ఉత్తర్వులూ పక్కపక్కన పెట్టి చదివితే చాలు, నేను వేరే చెప్పక్కర్లేదు.

తప్పు ఒప్పుకున్నాడా అన్నది కూడా చూడాలి. నిక్సన్, వాటర్‌గేట్ విషయంలో ఇంకా గట్టిగా, ఇంకా సూటిగా వ్యవహరించకపోవడం తన తప్పు అన్నాడు. మా కోర్టులో ఈ మాట ఒప్పుకోలు కింద రాసుకోరు. అమెరికా సుప్రీంకోర్టు 1915 నాటి బర్డిక్ తీర్పులో క్షమాభిక్ష పుచ్చుకోవడమంటే నేరం ఒప్పుకున్నట్టే అన్న మాట ఉంది. ఫోర్డ్ ఆ ముక్క పర్సులో పెట్టుకుని తిరిగేవాడు, ఎవరడిగినా తీసి చూపించేవాడు. పాపం. ఇచ్చినవాడు ఒప్పుకోలు కాగితం జేబులో మోయాల్సి వచ్చిందంటే, పుచ్చుకున్నవాడు నోటితో చెప్పలేదనే కదా.

చున్ అయితే అంతకంటే ఘోరం. లంచాల సొమ్ము కింద కోర్టు కట్టమన్న 22,050 కోట్ల వాన్‌లో (అక్కడి డబ్బు) 9,500 కోట్ల పైనే కట్టకుండా 2021లో చనిపోయాడు. నా దగ్గర ఉన్నది 2 లక్షల 90 వేల వాన్ అని ఒకసారి కోర్టుకి చెప్పాడు. గ్వాంగ్జూ మీద కాల్పులు చూశానన్న ఒక దివంగత చర్చి ఫాదర్‌ని తన ఆత్మకథలో తిట్టి, ఎనభై తొమ్మిదో ఏట మళ్లీ శిక్ష వేయించుకున్నాడు.

కానీ చున్‌ని వదిలిపెట్టడానికి ఒప్పుకున్నదెవరో చూడండి. అప్పుడే అధ్యక్షుడిగా ఎన్నికైన కిమ్ దే-జంగ్. 1980లో చున్ హయాంలో మరణశిక్ష పడింది ఈయనకే. ఇది చదివి నేను కళ్లజోడు తీసి కాసేపు కూర్చున్నాను. తన మెడకి బిగించిన తాడుని ఆయన వదిలేశాడు, అది ఆయనిష్టం. గ్వాంగ్జూలో కొడుకుల్ని పోగొట్టుకున్న తల్లుల తరఫున కూడా వదిలే హక్కు ఆయనకుందా? ఈ ప్రశ్న నేను కుడివైపు రాశాను, మనవరాలు ఎడమవైపు రాసింది. ఇద్దరం మార్చుకోలేదు.

చివరిగా, తర్వాత వచ్చిన పొగడ్తలకి మార్కులు వేయొద్దు. క్షమాభిక్ష రోజునే ఫోర్డ్ ప్రెస్ సెక్రటరీ టెర్‌హోర్స్ట్ రాజీనామా చేశాడు, గ్యాలప్ సర్వేలో ఫోర్డ్ మద్దతు 71 శాతం నుంచి 50 దగ్గరికి పడింది, 1976లో ఓడాడు. 2001లో కెన్నెడీ లైబ్రరీ వాళ్లు ధైర్యానికి అవార్డు ఇచ్చారు. ఓడినందుకు తప్పూ కాదు, అవార్డు వచ్చినందుకు ఒప్పూ కాదు. ఆ రోజు ఆయన చెప్పిన కారణం ఒక్కటే తూచండి: న్యాయంగా విచారణ మొదలవ్వాలంటేనే ఏడాది పైన పడుతుంది, అంతకాలం దేశం దీని మీదే కొట్టుకుంటుంది అన్నాడు. బలమైన మాటే. వాయిదాలు ఎలా సాగుతాయో నాకు తెలుసు. కానీ ఆలస్యమవుతుందని కట్ట విప్పకుండానే మూసేయడం మా ఆఫీసులో అయితే మెమో ఇచ్చే తప్పు. ఏడాది ఆగి, తీర్పు రానిచ్చి, ఆ మర్నాడే క్షమించినా నేను సరే అనేదాన్ని. అందుకే నా లెక్కలో ఫోర్డ్ చేసింది సబబు కాదు. పార్క్‌కి ఇచ్చింది సబబు. చున్‌ది, డబ్బు పూర్తిగా వసూలయ్యాక ఇవ్వాల్సింది.

నిన్న మళ్లీ ఫోన్. చీటీ తీస్తే దానికి ఫోర్డ్ తరఫు వచ్చిందట. "ఇప్పుడెలా అమ్మమ్మా, నువ్వు చెప్పినవన్నీ అటువైపువే!" అని టెన్షన్. నోట్‌బుక్‌లో ఎడమవైపు సగం ఫోటో తీసి పంపమన్నాను. ఏడాది ఆలస్యం, ఉపసంఘం ముందు కూర్చోవడం, పర్సులో కాగితం ముక్క. మూడున్నాయి. కుడివైపు సగం మాత్రం అవతలి జట్టు పిల్లలకి చూపించొద్దని చెప్పాను.