గ్లెండలాక్ తెల్ల బాణాల దారి: బయల్దేరే ముందు

ఐర్లాండ్‌లో డబ్లిన్‌కు దక్షిణాన విక్లో కొండల్లో, గ్లెండలాక్ లోయలో తెల్ల బాణాలు చూపే స్పింక్ కొండ చుట్టు నడక సుమారు 9 కిలోమీటర్లు. నాలుగు గంటలు చేతిలో ఉంచుకోండి.

– పట్టున్న బూట్లే వేసుకోండి. పౌలనాస్ జలపాతం దాటాక మెట్లు ఆయాసం తెప్పిస్తాయి. ఆపైన చెక్క దారి వానకు జారుతుంది, పక్కనే నిట్టనిలువు లోతు. సెల్ఫీ కోసం చెక్కలు దిగొద్దు.

– ఎండ చూసి మోసపోవద్దు, రెయిన్ జాకెట్ తప్పనిసరి. గొడుగా? పైన గాలికి నిలవదు.

– తెల్ల బాణాలనే నమ్ముకోండి. పసుపు మనిషి బొమ్మ ‘విక్లో వే’ అనే వేరే నడక దారికి గుర్తు. మబ్బు దిగి తర్వాతి గుర్తు కనబడకపోతే వెనక్కి తిరగండి.

– డిసెంబరులో నాలుగింటికే పొద్దు వాలుతుంది.

– మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ఆపదలో 112కు ఫోన్ చేసి మౌంటెన్ రెస్క్యూ అడగాలి.

– జింకలు తిరిగే చోటు. ఇంటికొచ్చాక కాళ్లకు గోమార్లు (రక్తం పీల్చే చిన్న పురుగులు) పట్టాయేమో చూసుకోండి.